4.3 'జోకర్': కారణం వేరు, సమర్థన వేరు

టాడ్ ఫిలిప్స్ దర్శకత్వంలో 2019లో వచ్చిన 'జోకర్' చిత్రంలో ఆర్థర్ ఫ్లెక్ విదూషక వేషంతో పొట్టపోసుకునే ఒంటరివాడు. ఆపుకోలేని నవ్వు అతని జబ్బు. చూసేవారికి అది వెక్కిరింత. నగరం నిధులు తగ్గించడంతో కౌన్సెలింగు, మందులు రెండూ ఆగిపోతాయి.

రైలులో తనను కొట్టిన ముగ్గురిలో ఇద్దరిని కాల్చడం ఆత్మరక్షణ అనుకోవచ్చు. గాయంతో పారిపోతున్న మూడోవాడిని వెంటాడి చంపినప్పుడు ఆ మాట చెల్లదు. ప్రతినాయకుడు పుట్టేది అక్కడే.

మొదట్లో భారంగా ఎక్కిన మెట్లనే జోకరయ్యాక నాట్యం చేస్తూ దిగుతాడు. అతనికది విముక్తి, మనకది పతనం.

సమాజ నిర్లక్ష్యం నేరానికి కారణాన్ని వివరిస్తుంది, నేరాన్ని సమర్థించదు. పాత్రపై సానుభూతి చూపుతూనే ఈ తేడాను గుర్తించడం విమర్శకుని బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మెట్ల దృశ్యాలు ఆర్థర్ పతనాన్ని ఎలా సూచిస్తాయి?