అండమాన్‌లో రిటైర్మెంట్: ఉండిపోవాలా, ఊరికి రావాలా?

ఉద్యోగానికో, చేపల వేటకో అండమాన్ వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగువారికి అరవై దాటాక ఎదురయ్యే ప్రశ్న ఇది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.8 లక్షలు. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. తెలుగులో పలకరించే ఇరుగుపొరుగు అక్కడ దొరుకుతారు.

ఉద్యోగులకు మొదటి సమస్య ఇల్లు. రిటైరయ్యాక ప్రభుత్వ క్వార్టర్ ఖాళీ చేయాలి. సొంతిల్లు లేకపోతే పింఛనులోంచే అద్దె కట్టుకోవాలి.

అంతకన్నా పెద్ద చిక్కు వైద్యం. దీవులన్నిటికీ పెద్ద దిక్కు రాజధానిలోని జి.బి.పంత్ ఆసుపత్రే. అక్కడ లేని చికిత్స కావాలంటే సముద్రం దాటాల్సిందే. చెన్నై అయినా, విశాఖ అయినా సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజులు దాటుతుంది. అత్యవసరమైతే విమానమే గతి.

70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం అందుతోంది. అది ఆసుపత్రి ఖర్చుకే, విమాన టికెట్లకు కాదు.

కాబట్టి ఉండిపోవాలనుకునేవారు ఇంటి ఖర్చుతోపాటు ఇద్దరి విమాన ఛార్జీలు విడిగా దాచుకోవాలి. ఆపద వేళ చెన్నైలోనో, విశాఖలోనో వెంట ఉండేదెవరో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.