బండి ఇవ్వడం ఆలస్యమైతే... కొన్నవారికి ఉన్న హక్కులు



ఈ హాస్టల్లో నా పక్కనే పెట్టె పెట్టుకొని చదువుకున్న మిత్రుడొకడు బాడుగకు తిప్పుకుందామని కారు బుక్ చేశాడు. బ్యాంకు అప్పు మొత్తం షోరూంకు చేరింది. నెలవాయిదాలు మొదలయ్యాయి. కారు మాత్రం రాలేదు. "వచ్చే వారం" అంటూ మూడు నెలలు తిప్పారు. వడ్డాది నుంచి విశాఖకు ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. "ఫిర్యాదు చెయ్యరా" అంటే, "పెద్దోళ్ళతో మనకెందుకురా" అన్నాడు. కారు చేతికి రాకముందే మూడు వాయిదాలు కట్టాడు. ఆ మాట మనలో ఇంకెవరూ అనకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాను.

చట్టం ఏమంటుంది?

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. డబ్బు తీసుకొని, సరైన కారణం లేకుండా ఒప్పుకున్న గడువుకు బండి ఇవ్వకపోతే అది సేవాలోపం. గడువు రాసుకోకపోయినా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం సమంజసమైన కాలంలో ఇవ్వాల్సిందే.

"టాక్సీ అంటే వ్యాపారం, నువ్వు వినియోగదారుడివి కాదు" అని కొందరు బెదిరిస్తారు. అది నిజం కాదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొనుక్కున్నవాడు కూడా వినియోగదారుడే.

హర్యానాలో ఒకాయన ట్రాక్టరు బుక్ చేస్తే, సకాలంలో ఇవ్వకుండా, ధర పెరిగాక ఆ భారం ఆయన మీద వేశారు. కారణం లేకుండా ఆలస్యం చేసి పెరిగిన ధర వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని 1994లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఏం చేయాలి?

1. బుకింగ్ రసీదులో మోడల్, రంగు, ధర, డెలివరీ తేదీ రాయించి సంతకం, సీలు వేయించుకోండి. నా మిత్రుడి రసీదులో తేదీ లేదు. సేల్స్‌మన్ నోటిమాటే నమ్మాడు.

2. బండి సిద్ధమై, చాసిస్ నంబరు చూపించాకే అప్పు సొమ్ము విడుదల చేయమని బ్యాంకుకు రాసివ్వండి.

3. గడువు దాటితే 15 రోజుల్లో బండి గాని, వడ్డీతో సొమ్ము గాని ఇవ్వమని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. నకలు, పోస్టు రసీదు దాచుకోండి.

4. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

5. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర 50 లక్షల వరకు అక్కడే విచారిస్తారు. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఆపైన 10 లక్షల వరకు 200 రూపాయలు. షోరూం ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి. బండి లేదా వడ్డీతో సొమ్ము, దానితోపాటు నష్టపరిహారం, ఖర్చులు కోరవచ్చు.

ఒక్క మాట. మనమే మధ్యలో రంగు మార్చమన్నా, అప్పు కాగితాలు ఆలస్యంగా ఇచ్చినా తప్పు షోరూందని అనలేము. వరదలు, సమ్మెల వంటి కారణాలను కూడా కమిషన్ పరిశీలిస్తుంది.

బండి తీసుకునే రోజు తయారైన నెల, సంవత్సరం చూసుకోండి. తాత్కాలికమైనా సరే, రిజిస్ట్రేషన్ లేకుండా బండిని షోరూం బయటకు తేకండి.

తమ్ముళ్ళూ! మన అమ్మానాన్నలు డబ్బు కట్టి కూడా గుమ్మం దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డారు. అది వారి తప్పు కాదు, వారికి చెప్పినవారు లేరు. చదువుకున్న మనం వారి తరఫున ఒక ఉత్తరం రాయగలిగితే ఈ హాస్టల్ మనకు పెట్టిన అన్నానికి అర్థం ఉంటుంది.