మారిన బాట – చేరిన శిఖరం

2014 సెప్టెంబరు నెలలో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ అంతిమ పోటీలో భారతదేశం తరఫున ఇద్దరు తెలుగు క్రీడాకారులు బరిలో దిగారు. ఒకరు ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ పేరుపొందిన విశాఖపట్నానికి చెందిన సాకేత్ మైనేని. మరొకరు హైదరాబాదుకు చెందిన సానియా మీర్జా. చైనీస్ తైపీ జంటను 6-4, 6-3 తేడాతో ఓడించి వారు బంగారు పతకం అందుకొన్నారు. ఒకరు తూర్పు తీరం నుండి, మరొకరు దక్కను పీఠభూమి నుండి వచ్చి ఒకే వలకు ఇవతల నిలిచి సాధించిన విజయమది.

అప్పటికి సానియా సింగిల్స్ ఆటను విడిచిపెట్టి ఏడాది దాటింది. గాయాలతో, శస్త్రచికిత్సలతో అలసిన ఆమె క్రీడాజీవితం ముగింపుకు వచ్చిందని భావించినవారు కూడా ఉన్నారు. కాని ఆమె అత్యున్నత శిఖరాన్ని అందుకొన్నది ఆ తరువాతనే. ఒక దారి మూసుకొనిపోయినప్పుడు మరొక దారిని ఎన్నుకొని, దానిలోనే ప్రపంచ ప్రథమస్థానానికి చేరిన ఆ క్రీడాకారిణి ప్రస్థానాన్ని తెలుసుకొందాం.

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో జన్మించింది. ఆమె పసితనంలోనే తల్లిదండ్రులు ఇమ్రాన్ మీర్జా, నసీమా హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆరేళ్ళ ప్రాయంలో ఆమె టెన్నిస్ రాకెట్ చేతబట్టింది. ఇంత చిన్నపిల్లకు ఆట నేర్పలేనని మొదట నిరాకరించిన శిక్షకుడే నెల తిరిగేలోగా ఆమె తల్లిదండ్రులను పిలిపించి, ఈ వయసులో ఇంత బాగా ఆడే బిడ్డను తాను చూడలేదని చెప్పాడట. ఆనాడు బాలికలు టెన్నిస్‌ను వృత్తిగా చేపట్టడం మన ప్రాంతంలో ఊహకందని విషయం. తగిన మైదానాలు కూడా లేవు. పేడతో అలికిన నేలపై తాను ఆట నేర్చుకొన్నానని సానియా అనేక సందర్భాలలో గుర్తుచేసుకొన్నది. ఆమె విజయాలకు తండ్రి శిక్షణ, తల్లి తోడు పునాదిగా నిలిచాయి.

2003లో రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో కలిసి ఆమె వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలుచుకొన్నది. ఆ ఏడాదే వృత్తి క్రీడాకారిణిగా మారింది. 2004లో దక్షిణాఫ్రికాలో జన్మించిన లీజెల్ హ్యూబర్‌తో జతకట్టి హైదరాబాదు ఓపెన్ డబుల్స్‌లో విజయం సాధించింది. మరుసటి ఏడాది అదే నగరంలో ఉక్రెయిన్ క్రీడాకారిణి అలోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి సింగిల్స్ టైటిల్ కూడా సాధించింది. మహిళా టెన్నిస్ సంఘమైన డబ్ల్యు.టి.ఎ. నిర్వహించే పోటీలలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. 2005లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడవ రౌండు వరకు, అమెరికన్ ఓపెన్ నాలుగవ రౌండు వరకు చేరింది. దుబాయిలో నాటి అమెరికన్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ స్థానానికి చేరింది. భారతీయ మహిళ ఎవరూ అంతకుముందు ఆ స్థానానికి చేరలేదు.

సానియా ఆటకు బలం ఆమె ఫోర్‌హ్యాండ్ దెబ్బ. రాకెట్‌ను కొరడా వలె ఝళిపిస్తూ బంతిని కొట్టడంలో ఆమెకు సాటివచ్చేవారు తక్కువ. అయితే ఆ వేగమంతా మణికట్టు నుండి పుట్టేదే. ఏది ఆమెకు బలమో, అదే బలహీనత కూడా అయింది. 2008లో కుడి మణికట్టు గాయం తీవ్రమైంది. బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండులోనే నొప్పి భరించలేక ఆమె మధ్యలో వైదొలగవలసివచ్చింది. శస్త్రచికిత్స జరిగింది. ఆ గాయం బాధించిన రోజుల్లో తల దువ్వుకోవడం కూడా తనకు కష్టమయ్యేదని, మనసు కుంగిపోయి ఎవరినీ కలవలేకపోయేదాన్నని తరువాతి కాలంలో ఆమెయే చెప్పింది. దేశమంతా పొగిడిన ఇరవైరెండేళ్ళ యువతికి అది చీకటి కాలం.

వృత్తి టెన్నిస్‌లో గాయం శరీరాన్ని మాత్రమే దెబ్బతీయదు. క్రీడాకారిణి స్థానాన్ని గడచిన 52 వారాలలో ఆమె సంపాదించిన పాయింట్లను బట్టి నిర్ణయిస్తారు. ఏడాది గడచిన పాయింట్లు లెక్కలో నుండి తొలగిపోతాయి. అందువల్ల ఆడలేక ఇంటివద్ద ఉన్న ప్రతి వారమూ స్థానం దిగజారే ప్రమాదముంటుంది. స్థానం దిగజారితే పెద్ద పోటీలలో నేరుగా ప్రవేశం దొరకదు. అర్హత పోటీలు ఆడి రావాలి. అంటే నొప్పితో ఉన్న శరీరమే మరింత ఎక్కువగా ఆడవలసివస్తుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టినది కొన్ని నెలలలోనే కరగిపోయే వృత్తి ఇది.

సానియా వెంటనే ఓటమిని అంగీకరించలేదు. 2009లో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలుచుకొని, గ్రాండ్‌స్లామ్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో సింగిల్స్ రజత పతకం పొందింది. 2012లో భూపతితోనే ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. కాని మోకాళ్ళు, మణికట్టు సింగిల్స్ భారాన్ని మోయలేమని పదే పదే హెచ్చరించాయి. చివరకు 2013లో ఆమె సింగిల్స్‌కు స్వస్తి చెప్పి, డబుల్స్ మాత్రమే ఆడాలని నిర్ణయించుకొన్నది.

ఈ నిర్ణయం విలువ తెలియాలంటే రెండు ఆటల తేడా తెలియాలి. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. సింగిల్స్‌లో దాని వెడల్పు 8.23 మీటర్లు కాగా, డబుల్స్‌లో 10.97 మీటర్లు. డబుల్స్ కోర్టు పెద్దదే అయినా దానిని ఇద్దరు కాపాడుతారు. కనుక ఒక్కొక్కరు పరుగెత్తవలసిన దూరం తగ్గుతుంది. సర్వీసు చేసే వంతు కూడా ఇద్దరి మధ్య పంచబడుతుంది. అయితే డబుల్స్ సులభమైన ఆట అని భావించరాదు. వలకు దగ్గరగా నిలిచినవారికి బంతిని చూసి స్పందించడానికి క్షణకాలమే వ్యవధి ఉంటుంది. తోటి క్రీడాకారిణి ఎటు కదులుతుందో ముందే గ్రహించాలి. తన తప్పుకు మరొకరు, మరొకరి తప్పుకు తాను ఫలితం అనుభవించాలి. ఒంటరిగా గెలవడం నేర్చినవారు ఇద్దరుగా గెలవడాన్ని మళ్ళీ మొదటినుండి నేర్చుకోవలసి ఉంటుంది.

విశాఖ రేవుకు వచ్చే ఓడలను చూసినవారికి ఒక సంగతి తెలుసు. నడిసముద్రంలో వేగంగా సాగివచ్చిన ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు మార్గంలోకి అదే వేగంతో రాదు. వేగం తగ్గించుకొని, దారి తెలిసిన పైలట్ మాట విని, టగ్గుల సాయంతో మెల్లగా మలుపు తీసుకొంటుంది. దానిని ఎవరూ ఓడకు కలిగిన ఓటమి అనరు. రేవు చేరే విధానమే అది. సానియా నిర్ణయం కూడా అటువంటిదే.

ఫలితం త్వరలోనే కనిపించింది. 2014లో బ్రెజిల్ క్రీడాకారుడు బ్రూనో సోరెస్‌తో కలిసి అమెరికన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. ఆ నెలలోనే ఇంచియాన్‌లో సాకేత్‌తో కలిసి స్వర్ణం అందుకొన్నది. అక్టోబరులో జింబాబ్వే క్రీడాకారిణి కారా బ్లాక్‌తో డబ్ల్యు.టి.ఎ. ఫైనల్స్ గెలిచింది. 2015 మార్చిలో స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్‌తో జతకట్టింది. ఒకప్పుడు సింగిల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానంలో నిలిచిన హింగిస్ వలదగ్గర ఎంతో నేర్పుగా ఆడుతుంది. వెనుకనుండి సానియా బలమైన దెబ్బ, ముందునుండి హింగిస్ చాతుర్యం ఒకదానికొకటి చక్కగా అమరాయి. వారు కలిసి ఆడిన మొదటి మూడు టోర్నమెంట్లలోనూ విజేతలయ్యారు. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం పొందింది. ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమెయే.

ఆ ఏడాది వింబుల్డన్ అంతిమ పోటీ వారి స్థైర్యానికి పరీక్ష అయింది. రష్యా జంట మకరోవా, వెస్నినాలతో ఆడుతూ చివరి సెట్‌లో 2-5తో వెనుకబడ్డారు. మరొక్క గేమ్ పోతే టైటిల్ చేజారేది. అక్కడినుండి 5-5కు చేరుకొన్నారు. వెలుతురు తగ్గడంతో కోర్టు పైకప్పు మూయడానికి ఆట ఆపారు. తిరిగి మొదలైన తరువాత 7-5తో సెట్‌నూ, దానితోబాటు టైటిల్‌నూ గెలుచుకొన్నారు. ఆ తరువాత 2015 అమెరికన్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వారి వశమయ్యాయి. వరుసగా 41 మ్యాచ్‌లలో వారికి ఓటమి లేదు. మొత్తంమీద సానియా 91 వారాలపాటు ప్రపంచ ప్రథమస్థానంలో నిలిచింది.

ఆ 2015 అమెరికన్ ఓపెన్‌లోనే మరొక క్రీడాకారిణి కథ కూడా పరిపూర్ణమైంది. ఇటలీ ఆగ్నేయ తీరంలోని బ్రిందిసి కూడా విశాఖ వంటి రేవుపట్టణమే. అక్కడ పుట్టిన ఫ్లావియా పెన్నెటా 2011లో డబుల్స్ ప్రథమస్థానం సాధించింది. 2012లో ఆమెకూ మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. ఆమె సింగిల్స్ స్థానం మొదటి వందకు వెలుపలికి దిగజారింది. ఆట మానివేయాలని కూడా ఆలోచించింది. అయినా సింగిల్స్‌ను వదలక తిరిగి లేచి, 33 ఏళ్ళ వయసులో అమెరికన్ ఓపెన్ సింగిల్స్ విజేతగా నిలిచింది. బహుమతి ప్రదానవేళనే తన విరమణ నిర్ణయాన్ని ప్రకటించి అందరినీ ఆశ్చర్యపరచింది. ఆ టోర్నమెంటు డబుల్స్ సెమీఫైనల్‌లో పెన్నెటా జంటను ఓడించినవారు సానియా, హింగిస్‌లే కావడం విశేషం. ఒకే విధమైన గాయం ఇద్దరిని బాధించింది. ఒకరు పాత దారిలోనే ఓర్పుతో నడిచారు. మరొకరు దారి మార్చుకొన్నారు. ఎవరి శరీరానికి ఏది సాధ్యమో నిజాయితీగా తెలుసుకోవడమే ఇద్దరికీ విజయాన్నిచ్చింది.

కోర్టు బయట కూడా సానియా ఎన్నో ప్రశ్నలను ఎదుర్కొన్నది. ఆమె దుస్తులను గురించి, వ్యక్తిగత జీవితాన్ని గురించి పురుష క్రీడాకారులను ఎవరూ అడగని రీతిలో విమర్శలు సాగాయి. 2016లో ఒక టెలివిజన్ ముఖాముఖిలో జీవితంలో స్థిరపడేది ఎప్పుడని, తల్లి అయ్యేది ఎప్పుడని అడిగినప్పుడు, ఎన్ని వింబుల్డన్‌లు గెలిచినా, ప్రపంచ ప్రథమస్థానం పొందినా స్త్రీ స్థిరపడినట్లు కాదా అన్న భావంతో ఆమె సమాధానమిచ్చింది. ప్రశ్నించినవారు క్షమాపణ చెప్పుకొన్నారు.

2018 అక్టోబరులో ఆమె తల్లి అయింది. కాన్పు తరువాత దాదాపు 26 కిలోల బరువు తగ్గించుకొని, 2020 జనవరిలో హోబర్ట్‌లో ఆడిన తొలి టోర్నమెంటులోనే ఉక్రెయిన్‌కు చెందిన నదియా కిచెనోక్‌తో డబుల్స్ టైటిల్ గెలిచింది. ఆ ఏడాది ఫెడ్ కప్ హార్ట్ పురస్కారం పొందిన తొలి భారతీయురాలై, ఆ బహుమతి సొమ్మును తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి అందజేసింది. టోక్యోలో నాలుగవసారి ఒలింపిక్స్‌లో పాల్గొన్నది.

2023 జనవరిలో రోహన్ బోపన్నతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ అంతిమ పోటీకి చేరి, రెండవ స్థానంతో సరిపెట్టుకొన్నది. పద్నాలుగేళ్ళ వయసులో తన తొలి మిక్స్‌డ్ డబుల్స్ భాగస్వామి బోపన్నయేనని ఆమె ఆనాడు కన్నీళ్ళతో గుర్తుచేసుకొన్నది. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో చివరి పోటీ ఆడింది. మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో సొంత ఊరి ప్రజల నడుమ వీడ్కోలు తీసుకొన్నది. మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్ డబుల్స్ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు, 43 డబ్ల్యు.టి.ఎ. డబుల్స్ టైటిళ్ళు ఆమె ఖాతాలో ఉన్నాయి. అర్జున, ఖేల్‌రత్న పురస్కారాలు, పద్మశ్రీ, పద్మభూషణ్ ఆమెను వరించాయి.

సాకేత్ మైనేని కూడా 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి పురుషుల డబుల్స్ రజతం గెలిచాడు. అప్పటికి అతని వయసు ముప్పైఅయిదు దాటింది.

పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఒక పరీక్షలో వెనుకబడినా, కోరిన విభాగంలో చోటు దొరకకపోయినా జీవితమే ముగిసినట్లు మనకు తోస్తుంది. సింగిల్స్‌ను విడిచిన రోజున సానియాకు కూడా అటువంటి బాధ కలగక మానదు. ఆమె విడిచినది ఒక విభాగాన్ని మాత్రమే. ఆటను ఆమె విడువలేదు. సాధనను అసలే విడువలేదు. ఒంటరిగా 27వ స్థానం వరకు చేరిన ఆమె, తోడు కలుపుకొని ప్రథమస్థానానికి చేరింది. మనకు సాధ్యం కానిదేదో గుర్తించే ధైర్యం, సాధ్యమైన దానిలో అత్యుత్తమంగా నిలవాలనే పట్టుదల కలిసి ఉన్నవారికి దారి మారినా శిఖరం దూరం కాదు.