ఎక్కడం ఒక ఎత్తు.. దిగడం మరో ఎత్తు!

కేసముద్రం: కేసముద్రం నుంచి కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైలు ప్రయాణికులను భువనగిరి రాగానే ఆకట్టుకునేది అక్కడి ఏకశిలా దుర్గం. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన ఈ గుట్ట ఎత్తు 500 అడుగులకు పైమాటే. భువనగిరి శిలలపైనే తొలి పాఠాలు నేర్చిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టును అధిరోహించారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్లే. వారి స్ఫూర్తితో గుట్టలెక్కాలని ఉబలాటపడే యువత ముందుగా కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

అంచెలంచెలుగా..
రాక్ క్లైంబింగ్‌లో సాధారణంగా వాడే తాడు పొడవు 60 మీటర్లు. శిల అంతకన్నా ఎత్తయితే దారిని అంచెలుగా విభజిస్తారు. ఒక్కో అంచెను పిచ్ అంటారు. 500 అడుగులంటే సుమారు 152 మీటర్లు. అంటే కనీసం మూడు అంచెలు తప్పవు.

ఇద్దరు ఒకే తాడు రెండు కొసలను నడుముకున్న హార్నెస్‌లకు కట్టుకుంటారు. మొదటి వ్యక్తి రాతికి బిగించిన కొక్కేలకు తాడును తగిలిస్తూ ఎక్కుతాడు. కింది వ్యక్తి తాడును కొద్దికొద్దిగా వదులుతూ, పైవాడు జారితే బిగించి ఆపుతాడు. అంచె ముగిశాక మొదటి వ్యక్తి కనీసం రెండు బలమైన ఆధారాలకు తనను బంధించుకొని రెండో వ్యక్తిని పైకి రప్పిస్తాడు. అక్కడి నుంచి తర్వాతి అంచె మొదలవుతుంది.

తాడు ఎక్కించదు.. ఆపుతుంది
ఎక్కేందుకు చేతులు, పాదాలే ఆధారం. తాడు పడిపోకుండా ఆపేందుకే. చివరి కొక్కేనికి 3 మీటర్ల పైన ఉండగా జారితే కనీసం 6 మీటర్లు కిందికి పడతారు. ఆ కుదుపును తట్టుకునేందుకు సాగే గుణమున్న ప్రత్యేక తాడు వాడతారు. బావి మోకులు, లారీ తాళ్లు ఇందుకు పనికిరావు. సాగని తాడు కుదుపునంతా మనిషి నడుముపైన, కొక్కేలపైన మోపుతుంది.

అసలు చిక్కు దిగేటప్పుడే
వాన వచ్చినా, సత్తువ తగ్గినా మధ్యలోనే దిగాల్సి వస్తుంది. దిగాక తాడును లాక్కోవాలంటే ఆధారం గుండా రెండు పేటలుగా వేలాడదీయాలి. అప్పుడు 60 మీటర్ల తాడు 30 మీటర్లకే చాలుతుంది. ఎక్కిన అంచె 50 మీటర్లుంటే మార్గమధ్యంలోనే తాడు అయిపోతుంది. కొసలకు ముడులు వేయకపోతే తాడు చివర నుంచి జారిపడే ప్రమాదముంది. అందుకే పొడవైన అంచెలకు రెండు తాళ్లు తీసుకెళ్లాలి. దిగే దారిని ఎక్కకముందే నిర్ణయించుకోవాలి.

శిరస్త్రాణం, శిక్షకుడు లేకుండా సాహసించడం ప్రాణాలతో చెలగాటమే. పూర్ణ, ఆనంద్ సైతం భువనగిరి తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొందాకే ఎవరెస్టు బాట పట్టారు.