మీకు తెలుసా? ప్లాస్టిక్ కవరు వాసనను ఆపలేదు!

వాడరేవులో కొన్న ఎండు చేపలను కవరు మీద కవరు వేసి ఎంత బిగించి కట్టినా, బస్సు చీరాల చేరేలోపే పక్కసీటాయనకు సంగతి తెలిసిపోతుంది. ముడి వదులై కాదు. మామూలు పాలిథిన్ నీటిని ఆపుతుంది గానీ వాసన అణువులు దాని గుండా మెల్లగా బయటికి వచ్చేస్తాయి. అల్యూమినియం రేకు పొర ఉన్న ప్యాకెట్ వాటిని బాగా అడ్డుకుంటుంది. వాసన బయటికి రాని ఖరీదైన సంచుల్లో లోపలి అస్తరుకు ఉత్తేజిత కర్బనం పట్టిస్తారు. దాని సూక్ష్మరంధ్రాల గోడలకు వాసన అణువులు అతుక్కుపోతాయి. ఈ కర్బనాన్ని కొబ్బరి చిప్పల నుంచి కూడా తయారుచేస్తారు.

మన పెద్దల వక్కాకు సంచి సంగతి వేరు. ఆకు, వక్క, సున్నపుకాయ, పొగాకు దేని అర దానికే. ఒక్క తాడు లాగితే మూతి బిగుస్తుంది. వాసన మాత్రం ఆగేది కాదు, ఆగాలని ఎవరూ కోరుకోలేదు!

ఆ వక్కాకు సంచిలాగే ఇప్పుడు ఊలు ఉండలు, సూదులు దాచుకోవడానికి క్రోషే సంచులు వస్తున్నాయి. ఆ అల్లికకు మన దగ్గర పేరున్న ఊరు నరసాపురం. అక్కడి లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ లేసు అల్లే స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళ గడిపే గృహిణులుగా లెక్కగట్టారని సామాజికవేత్త మరియా మీస్ 1982లోనే పుస్తకం రాశారు. అందుకే క్రోషే సంచి కొనేటప్పుడు బేరమాడకండి.