యాభైలో ముప్పై ఏడు

లిమిటెడ్ ఎడిషన్ బొమ్మ అడుగున 7/50 అని రాసి ఉంటే, మొత్తం యాభైలో అది ఏడోదని, యాభై ఒకటోది ఇక రాదని అర్థం. కొనేవాళ్లు బొమ్మతోపాటు ఆ మాటకి కూడా డబ్బిస్తారు. బికనేరులో తొమ్మిదో తరగతి చదువుతున్న మేం నలుగురం స్కూల్ మేళా కోసం యాభై ఒంటె బొమ్మలు చేద్దామని దిగినప్పుడు, మాకు ఆ సంగతి అంతగా తట్టలేదు.

మొదట టీవీ కార్టూన్ పాత్రలు చేద్దామనుకున్నాం. ఆర్ట్ సార్ వద్దన్నారు. ఇంకొకరు సృష్టించిన పాత్రని అనుమతి లేకుండా బొమ్మలుగా చేసి అమ్మడం 1957 నాటి కాపీరైట్ చట్టానికి విరుద్ధమట. ఒంటెకి ఎవరి అనుమతీ అక్కర్లేదు!

ముందు మోడలింగ్ క్లేతో ఒక బొమ్మ చేసి, దానిమీద సిలికాన్ పోసి అచ్చు తీయాలి. ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. ప్లాస్టర్ జిప్సం నుంచి తయారవుతుంది. రాజస్థాన్‌లో జిప్సంకి కొదవ లేదు. ఖరీదంతా సిలికాన్‌దే. మా మొదటి కిలో, క్లేకి తగిలిన చోటల్లా మర్నాటికి కూడా జిగురుగానే ఉండిపోయింది. కొన్ని రకాల క్లేలో గంధకం ఉంటుందని, అది ప్లాటినం రకం సిలికాన్‌ని గట్టిపడనివ్వదని తర్వాత తెలిసింది. ముందే ఒక చెంచాడు పోసి చూసుకుంటే 1,200 రూపాయలు మిగిలేవి.

ఇంకో చిక్కు, ఒంటె కాళ్లు సన్నం. అచ్చులోంచి తీసేటప్పుడు విరిగిపోతాయి. మాలో ఒకరింట్లో కొండపల్లి అంబారీ ఏనుగు ఉంది. ఆ బొమ్మల భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. మేమూ కాళ్లకి వేరే అచ్చు తీసి, ఫెవికాల్‌తో అతికించాం.

ప్లాస్టర్‌ని నీళ్లలో చల్లాలి. నీళ్లనే ప్లాస్టర్‌లో పోస్తే ఉండలు కడుతుంది. అరగంటలో గట్టిపడినా లోపలి తడి ఆరడానికి రోజులు పడుతుంది. మేం ఆగలేకపోయాం. తొందరపడి వేసిన రంగు పొరలుగా లేచొచ్చింది.

ఇరవై ఎనిమిదో ఒంటె దగ్గర అసలు దెబ్బ తగిలింది. మాలో కళ్లు చక్కగా గీసే స్నేహితురాలి నాన్నగారికి అస్సాంకి బదిలీ వచ్చింది. వారంలో సామాను కట్టేశారు. ఆ తర్వాత మేం గీసిన ఒంటెలన్నీ భయపడినట్టు చూసేవి. ఒకే చేతిమీద ఆధారపడిన పని ఎంత బలహీనమో బదిలీల ఇళ్లలో పెరిగిన మాకే ముందు తట్టాల్సింది.

ముప్పై ఏడో బొమ్మ తీస్తుంటే అచ్చు మెడ దగ్గర చిరిగింది. తయారైన ఒంటెనుంచే కొత్త అచ్చు తీయొచ్చు కానీ, నకలుకి నకలు తీస్తే గీతలు మొద్దుబారతాయి. పైగా అప్పటికే 41 మంది దగ్గర వందేసి రూపాయలు తీసుకున్నాం. రెండు రోజులు వాదించుకుని, నలుగురికి డబ్బు తిరిగిచ్చేశాం. మిగతావాళ్లకి ‘యాభై అన్నాం, ముప్పై ఏడుతో ఆగిపోయాం’ అని చీటీ రాసిచ్చాం. తక్కువ ఉంటే ఇంకా మంచిదేగా అన్నవాళ్లూ ఉన్నారు!

లెక్క మాత్రం మమ్మల్ని చూసి నవ్వింది. సిలికాన్ 2,400, ప్లాస్టర్ 150, రంగులు 850, మేం మొదట మరిచేపోయిన అట్టపెట్టెలు 1,000. మొత్తం 4,400. వచ్చింది 3,700. తలా 175 రూపాయలు నష్టం.

అస్సాం వెళ్లిన స్నేహితురాలికి పన్నెండో నంబరు పోస్టులో పంపాం. చుట్టూ కాగితాలు కుక్కాం గానీ కాళ్ల మధ్య ఖాళీ వదిలేశాం. ముందు కాలు ఊడిపోయి చేరింది. ఫెవికాల్ పెట్టి అతికించుకున్నానని ఫోన్ చేసింది.