శుక్రకణ సంసిద్ధత: కెపాసిటేషన్ ప్రక్రియ – పాడి పశువుల గర్భధారణ

చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని గుడుపల్లె మండలంలో అనేక కుటుంబాలకు పాడి జీవనాధారం. ఎదకు వచ్చిన ఆవుకు అదను తప్పితే మళ్ళీ సుమారు 21 రోజులు వేచి ఉండాలి. ఆ మేరకు ఈత, పాల రాబడి వెనుకబడతాయి. ఉదయం ఎద లక్షణాలు కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలన్న నియమం రైతులకు సుపరిచితం. ఈ నియమానికి అండం విడుదలయ్యే వేళ ఎంత ఆధారమో, శుక్రకణ స్వభావం కూడా అంతే ఆధారం.

ఎపిడిడిమిస్‌లో పరిణతి చెందిన శుక్రకణం ఈదగలదు గాని, వెంటనే అండంలోకి ప్రవేశించలేదు. స్త్రీ జననేంద్రియ మార్గంలో కొంతకాలం గడిపిన తరువాతనే దానికి ఆ శక్తి లభిస్తుందని 1951లో అమెరికాలో ఎం. సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి. ఆర్. ఆస్టిన్ వేర్వేరుగా నిరూపించారు. 1952లో ఆస్టిన్ ఈ మార్పుకు ‘కెపాసిటేషన్’ అని పేరుపెట్టాడు.

ఈ దశలో శుక్రకణ పొర నుండి కొలెస్టరాల్ తొలగి, పొర సడలుతుంది. కణంలోకి చేరిన బైకార్బొనేట్ అయాన్లు సైక్లిక్ ఏఎంపీ ఉత్పత్తిని పెంచుతాయి. తత్ఫలితంగా అనేక ప్రోటీన్లలో టైరోసిన్ ఫాస్ఫారిలేషన్ జరుగుతుంది. కాల్షియం ప్రవేశంతో తోక కొరడా వలె బలంగా కొట్టుకుంటుంది. ఆపై శిరోభాగంలోని ఆక్రోసోమ్ తెరుచుకుని ఎంజైములను విడుదల చేస్తుంది. అప్పుడే శుక్రకణం అండం చుట్టూ ఉన్న జోనా పెల్లుసిడాను దాటగలుగుతుంది.

ఈ రంగంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనలు గమనింపదగినవి. కస్తూరి మిత్ర, ఎస్. శివాజీ 2004లో హామ్‌స్టర్ శుక్రకణాలపై ప్రచురించిన అధ్యయనంలో, కెపాసిటేషన్ కాలంలో టైరోసిన్ ఫాస్ఫారిలేషన్‌కు లోనయ్యే ప్రోటీన్లలో డైహైడ్రోలిపోఅమైడ్ డీహైడ్రోజినేస్ ఒకటని గుర్తించారు. ఇది శక్తి ఉత్పాదక జీవక్రియకు చెందిన ఎంజైము. అనగా అండప్రవేశ సన్నాహం కేవలం పొర మార్పు కాదు, కణ జీవక్రియతోనూ ముడిపడినది.

కెపాసిటేషన్ పొందిన శుక్రకణం ఆయుష్షు స్వల్పం. సకాలంలో అండం లభించకపోతే అది నశిస్తుంది. −196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నత్రజనిలో నిల్వచేసిన వీర్యాన్ని కరిగించినప్పుడు, కొన్ని శుక్రకణాలలో కెపాసిటేషన్‌ను పోలిన మార్పులు ముందుగానే సంభవిస్తాయి. కావున ఘనీకృత వీర్యంలోని శుక్రకణాలు తాజా వీర్యంలోని వాటికంటే తక్కువ కాలం సమర్థంగా ఉంటాయి. మరీ ముందుగా ప్రవేశపెడితే అండం వచ్చేసరికి అవి శక్తి కోల్పోతాయి. మరీ ఆలస్యమైతే అండమే క్షీణిస్తుంది. ఎదను సకాలంలో గుర్తించడం, స్ట్రాను సరైన ఉష్ణోగ్రత వద్ద కరిగించి జాప్యం లేకుండా వాడడం అందువల్లనే ముఖ్యం. పాడి రైతు పాటించే ఉదయ సాయంకాల నియమం, శుక్రకణానికి ఉన్న ఈ స్వల్ప వ్యవధిని అండం విడుదలయ్యే వేళతో కలిపే ప్రయత్నమే.